కాకరలంక వెన్నెల తీర్మానం

మా కాకరలంక మునిసిపాలిటీ పుట్టిన దగ్గర్నుంచి రావుబహద్దూరు బిరుదు పొందినవాడు ఒక్కడే. ఆయన ఇప్పటికీ బజారు మలుపులో నిలబడే ఉన్నాడు. మాట పొదుపు మనిషి. ఎవరి దగ్గరా లంచం పుచ్చుకోలేదు, ఎవరి మీదా చాడీ చెప్పలేదు, ఓటు కోసం ఎవరి గుమ్మం తొక్కలేదు. అంతటి మహానుభావుడు ఎవరయ్యా అని మీరు అడుగుతారు. చెబుతాను. ముందు ఆ బిరుదు కోసమే పెరిగి పెద్దవాడై, చివరికి దాని పక్కనే నిలబడి దాన్ని పోగొట్టుకున్న ఇవటూరి సూర్యప్రకాశం పంతులు గారి సంగతి చెప్పాలి.

తెల్లదొరల కాలం అది. పంతులు గారు ప్లీడరు. కోర్టులో ఆయన వాదన వినడానికి జనం వచ్చేవారు గాని, కేసు ఇవ్వడానికి వచ్చేవారు కాదు. ఆయన ప్రతిభంతా వందన సమర్పణలో ఉండేది. ఊళ్లో ఏ సభ జరిగినా చివర్న లేచి అధ్యక్షుల వారికి, వక్తలకి, శ్రోతలకి, కుర్చీలు అరువిచ్చిన వారికి, ఆ పూటకి వాన ఆపిన వరుణదేవుడికి పేరుపేరునా వందనాలు చెప్పేవారు. మునసబు గారు పోయినప్పుడు సంతాపసభలో కూడా లేచి, ఇంతమంది పెద్దల్ని ఒకచోట చేర్చినందుకు మునసబు గారికి వందనాలు చెప్పి కూర్చున్నారు.

ఇంత ప్రతిభ రాజకీయాల్లోకి రాకుండా ఉంటుందా? వచ్చింది. ఆ రోజుల్లో పన్ను కట్టేవాళ్లకే ఓటు. పంతులు గారు వాళ్ల ఇళ్లకు వెళ్లి ఓటు వేయమని అడగలేదు. వేసినందుకు ముందుగానే వందనాలు చెప్పి వచ్చేశారు. చెప్పించుకున్నాక వేయకపోతే ఏం బాగుంటుందని అందరూ వేశారు. కౌన్సిలరయ్యారు, ఆ పద్ధతిలోనే చైర్మనూ అయ్యారు.

చైర్మన్ అయ్యాక ఆయనకి ఒకటే కోరిక మిగిలింది. రావుబహద్దూరు అనిపించుకోవాలి. ఆ బిరుదు ఉన్నవాళ్లకి కలెక్టరు దొర తన ఎదుట కుర్చీ వేయిస్తాడు. లేనివాళ్లు ఎంత చైర్మన్లయినా నిలబడే మాట్లాడాలి. పంతులు గారు ముగ్గురు దొరల హయాం నుంచీ నిలబడి మాట్లాడుతున్నారు. ఇంటికొచ్చాక కాళ్లకి ఆముదం రాయించుకుంటూ, ఆ కుర్చీ మెత్తగా ఉంటుందా, గట్టిగా ఉంటుందా అని భార్యని అడిగేవారు.

అలా ఉండగా పైనుంచి ఓ ఉత్తర్వు వచ్చింది. కిరసనాయిలు ఖర్చు తగ్గించేందుకు, వెన్నెల గల రాత్రులందు వీధి దీపములు వెలిగింపనక్కరలేదని దాని సారాంశం.

ఆ ఉత్తర్వు అన్ని మునిసిపాలిటీలకీ వెళ్లింది. మిగతా ఊళ్ల చైర్మన్లు ఆకాశం వంక చూసి, చంద్రుడు కనపడితే దీపాలు మానేశారు, కనపడకపోతే వెలిగించారు. సామాన్యమైన మనుషులు. మన పంతులు గారు ప్లీడరు. కౌన్సిలు సమావేశం పెట్టి, ఉత్తర్వు చదివి, కళ్లజోడు తీశారు.

“ఆకాశం వంక చూచుట సాక్ష్యం కానేరదు. చూపు ఆనేవారు ఒక మాట, ఆననివారు ఒక మాట చెప్పుదురు. ప్రభుత్వ కార్యమునకు ముద్రితమైన ఆధారం కావలెను. అట్టి ఆధారం పంచాంగం.”

పంచాంగంలో వెన్నెల ఉన్న రాత్రి, పురపాలక హద్దుల లోపల వెన్నెల ఉన్నట్టే భావించవలెనని తీర్మానం రాయించారు. కౌన్సిలర్లందరూ తలూపారు. గ్రంథి సుబ్బయ్య శెట్టి గారు మాత్రం ఊపలేదు. మునిసిపాలిటీకి కిరసనాయిలు పోసే కాంట్రాక్టు ఆయనదే. అందుచేత కౌన్సిల్లో ప్రతిపక్షం కూడా ఆయనే.

“మరి మబ్బు పడితేనండీ?” అన్నారు శెట్టి గారు.

“మబ్బు మునిసిపాలిటీ పరిధిలోకి రాదు. చంద్రుడు మబ్బుల వెనుక డ్యూటీలోనే ఉండును” అన్నారు పంతులు గారు.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. పౌర్ణమి ముందు వారం, తర్వాత వారం ఊరు కాటుక భరిణెలా ఉండేది. జనం నడుస్తూ ఎవరి పేరు వాళ్లు గట్టిగా చెప్పుకునేవారు, ఎదురొచ్చేవాళ్లు తప్పుకోవడానికి. మా మేనమామ ఓ పౌర్ణమినాడు బజారు నుంచి ఇంటికని బయల్దేరి, పొరుగూరి పెళ్లి పందిట్లో తేలాడు. వంకాయ కూర బాగుందని చెప్పి తెల్లారాక వచ్చాడు. ఇంకో పెద్దమనిషి రోజూ వెళ్లే ఇల్లే కదా అని తలుపు తోసి లోపలికెళ్లి, కాళ్లు కడుక్కుని, భోంచేసి, తాంబూలం వేసుకున్నాక గాని అది తన ఇల్లు కాదని గ్రహించలేదు. ఆ ఇంటివాళ్లూ గ్రహించలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వలేని మనిషి ఒకావిడ ఉంది. అట్ల అచ్చియ్యమ్మ.

బజారు మలుపులో దీపస్తంభం కింద సాయంకాలం పొయ్యి పెట్టుకుని ఆమె పెసరట్లు వేసేది. భర్త లేడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా అత్తగారిచ్చిన ఇనప పెనం. అది నూనె తాగి తాగి నల్లని అద్దంలా ఉండేది. దాని మీద అట్టు పోస్తే తనంతట తానే తిరగబడేదని మా ఊళ్లో చెప్పుకునేవారు. నేను కళ్లారా చూశాను కూడా. ఆ స్తంభం మీది దీపమే ఆమె దుకాణం. అది వెలిగితే బేరం, లేకపోతే లేదు. చీకట్లో అట్టు తినేవాళ్లకి ఎవరి పచ్చడి ఎవరిదో తెలియలేదు. ఒకాయన తన ఉత్తరీయం కొస అల్లం పచ్చట్లో ముంచుకుని చాలా దూరం నమిలాడు. మర్నాటి నుంచి రావడం మానేశాడు. మిగతావాళ్లూ మానేశారు.

అచ్చియ్యమ్మ మునిసిపల్ ఆఫీసుకి వెళ్లింది. పంతులు గారు ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విని, పంచాంగం తెరిచి, ఆ పేజీ ఆమె వైపు తిప్పారు.

“నిన్న శుద్ధ త్రయోదశి. బ్రహ్మాండమైన వెన్నెల.”

“అందులో ఉందండి బాబుగోరూ. నా పొయ్యి కాడ లేదండి.”

“నీ పొయ్యి పురపాలక హద్దుల్లోనే ఉందా?”

“ఉందండి.”

“అయితే అక్కడా వెన్నెల ఉన్నట్టే” అని ఆయన పంచాంగం మూసి, వచ్చి చెప్పినందుకు ఆమెకి వందనాలు చెప్పారు.

అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి ఆలోచించింది. మునిసిపాలిటీ వెలిగించకపోతే మానె, నా దీపం నేనే పెట్టుకుంటానని ఆ పౌర్ణమినాడు పొయ్యి పక్కన కిరసనాయిలు బుడ్డి పెట్టుకుంది. ఊరు మొత్తానికి అదొక్కటే వెలుగు. జనం పురుగుల్లా మూగారు. వాళ్లతోపాటు శానిటరీ ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. రెండు అట్లు తిన్నాక ఆయనకి డ్యూటీ గుర్తొచ్చింది. మునిసిపాలిటీ వారు సరఫరా చేస్తున్న వెన్నెలకు పోటీగా ప్రైవేటు వెలుతురు పెట్టినందుకు పెనాన్ని జప్తు చేసి, కాలుతున్నదాన్ని గోనెగుడ్డలో చుట్టించి పట్టికెళ్లిపోయాడు.

పెనాన్ని ఆఫీసులో పంతులు గారి కుర్చీ వెనక మేకుకి తగిలించారు. అచ్చియ్యమ్మ కొత్త పెనం కొనుక్కొచ్చింది. దాని మీద పోసిన అట్టు అట్టుగా రాలేదు, రజనుగా వచ్చింది. అద్దె పెనం తెచ్చింది, అదీ అంతే. ఆమె రోజూ ఆఫీసు అరుగు మీద కూర్చుని కిటికీలోంచి తన పెనాన్ని చూసుకునేది. అది తుప్పు పడుతోందనీ, పూటకోసారి నూనె గుడ్డతో తుడవమనీ మేనేజరుని బతిమాలేది. ముద్దాయి వస్తువుకి నూనె రాయడానికి రూలు లేదని ఆయన అనేవాడు.

ఇంతలో కార్తీక పౌర్ణమికి చంద్రగ్రహణం పట్టింది. సంపూర్ణ గ్రహణం, పంచాంగంలోనే ఉంది. శెట్టి గారు సంబరపడి, ముద్రితమైన ఆధారం ప్రకారమే చీకటి కదా, దీపాలు వెలిగించమన్నారు. పంతులు గారు ఒప్పుకోలేదు. గ్రహణం పేరుతో దీపాలు పెడితే డ్యూటీ ఎగ్గొట్టినవాణ్ణి మనమే వెనకేసుకొచ్చినట్టు అవుతుందన్నారు. ముందుగా సెలవు కోరకుండా గైర్హాజరైనందుకు కారణం చెప్పవలసిందని చంద్రుడికి నోటీసు తయారుచేయించారు. నోటీసు ఎలా అందించాలన్న ప్రశ్న వచ్చింది. ఆసామీ దొరకనప్పుడు ఆఖరిసారి కనపడిన చోట అంటించవచ్చని రూలుంది. చంద్రుడు ఆఖరిసారి కనపడింది రైలు గేటు దగ్గర తాడిచెట్టు మీద. బంట్రోతు చేత ఆ చెట్టు ఎక్కించి మట్టకి అంటించారు. సంజాయిషీ రాలేదు గాని, మర్నాడు చంద్రుడు వేళకి హాజరయ్యాడు. మందలించి వదిలేశారు.

ఈ కబుర్లన్నీ కలెక్టరు దొరకి చేరాయి. ఆ దొర మన భాషని ముసలి పండితుడి దగ్గర నేర్చుకున్నాడు. అందుచేత నీళ్లు కావాలన్నా వ్యాకరణంలోనే అడిగేవాడు. జిల్లా మొత్తం మీద అతి తక్కువ కిరసనాయిలు కాల్చిన ఊరు కాకరలంక అని చూసి పొంగిపోయాడు. కాకరలంక పద్ధతి అని దానికి పేరు పెట్టి, అక్కడి వెన్నెల మబ్బులను సైతం లెక్కచేయదని పైవాళ్లకి రిపోర్టు రాశాడు. పైవాళ్లు అతన్ని మెచ్చుకున్నారు. దీనికి కారకుడైన వ్యక్తికి రావుబహద్దూరు బిరుదు ఇవ్వమన్నారు.

పంతులు గారు బిరుదు ప్రదానానికి మరుసటి ఏడు శ్రావణ పౌర్ణమి సాయంకాలం ముహూర్తం పెట్టారు. బజారు మలుపులో దీపస్తంభం మధ్యలోకి వచ్చేలా వేదిక కట్టించారు. అచ్చియ్యమ్మ పొయ్యి ఉన్నచోటే కట్టారు గనుక పొయ్యి తీసేశారు. వేదిక ఎత్తుగా కట్టడంతో స్తంభం పొడుగు అందులో మునిగి, పైన మనిషంత మిగిలింది. నిచ్చెన ఆనించుకోవడానికి దానికో ఇనప కొమ్ము ఉంటుంది, అది చేయి చాపినట్టు కనపడింది. వెలగకుండా ప్రజాసేవ చేసిన ఈ దీపాన్ని కూడా గౌరవించాలని పంతులు గారు తన జరీ తలపాగా లాంటిదే ఒకటి దాని నెత్తికి చుట్టించి, తన కండువా లాంటిదే ఒకటి భుజాన వేయించారు. ముందురోజు కౌన్సిల్లో ఉపన్యసిస్తూ, ఈ గౌరవం నాది కాదు, ఆ దీపస్తంభానిది అని గొంతు గద్గదం చేసుకున్నారు. తీర్మానాల్లో ఆ మాట కూడా రాశారు.

ఆ రోజు దొర మధ్యాహ్నమే వచ్చాడు. ప్లీడర్లు ఒక స్వాగతపత్రం చదివారు, వర్తకులు ఒకటి చదివారు, బడిపంతుళ్లు పద్యాల్లో ఒకటి చదివారు. అన్నిటికీ సూర్యప్రకాశం పంతులు గారు విడివిడిగా వందన సమర్పణ చేశారు. ఆఖరి వందనం పూర్తయ్యేసరికి పొద్దుగూకింది. ఆ వెంటనే గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, ఊరి మీద బోర్లించిన బాన అయింది. ముక్కు ఎక్కడుందో తడుముకుని చూసుకోవలసి వచ్చింది.

దొరగారి బండిలో లాంతరుంది, తెప్పించమంటారా అని మేనేజరు చెవిలో అడిగాడు. పంతులు గారు గట్టిగా, అందరికీ వినపడేలా జవాబిచ్చారు.

“ఇంత వెన్నెలలో లాంతరెందుకయ్యా?”

దొరకి తను పైవాళ్లకి రాసిన రిపోర్టు గుర్తొచ్చి ఉంటుంది.

“ఆహా, ఈ పున్నమి వెన్నెల ఎంత ధవళముగా నున్నది” అన్నాడు చీకట్లోంచి.

జనం చప్పట్లు కొట్టారు. సుబ్బయ్య శెట్టి గారు ముందుకు జరగబోయి డోలు వాయించేవాడి మీద పడ్డారు, డోలు మోగింది. వెన్నెల కళ్లలో కొట్టిందని ఆయన సర్దుకున్నారు.

పంతులు గారు స్తంభానికి ఎడమ పక్కన తల వంచి నిలబడ్డారు. దొర పతకం పట్టుకుని అడుగులు వేశాడు. చేయి చాపితే జరీ కండువా తగిలింది. పైకి తడిమితే తలపాగా తగిలింది. పతకం రిబ్బను మెడలో వేశాడు, బిరుదు పత్రం కండువా మడతలో దోపాడు. ఆనక చేయి అందుకుని ఊపబోయాడు. చేయి ఊగలేదు.

“పంతులూ, మీ హస్తము మిక్కిలి శీతలముగా నున్నది. వెరవకుడు.”

జవాబు రాలేదు. దొరగారి మాట అవతలి పక్కనుంచి రావడంతో పంతులు గారికి సంగతి అర్థమైంది. జానెడు దూరంలో తన బిరుదు ఇనుముకి వేలాడుతోంది. దొరగారూ, నేను ఇటున్నానండీ అంటే సరిపోను. అనడానికి నోరు తెరిచారు. అంటే ఏమవుతుంది? తను ఎటున్నాడో దొరకి కనపడలేదని తేలుతుంది. కనపడలేదంటే వెన్నెల లేదని తేలుతుంది. నోరు మూసుకున్నారు. జీవితంలో ఆయన ముగింపు వందన సమర్పణ చేయని సభ అదొక్కటే.

దొరకి కూడా ఆ చేయి ఎవరిదో అప్పటికి అర్థమైంది. అయినా దొర దొరే. గొంతు సవరించుకుని, ఇంతటి మితభాషిని, ఇంతటి స్థిరచిత్తుని తన ఉద్యోగ జీవితంలో ఎరుగనని ప్రశంసించి, తడుముకుంటూ బండెక్కి వెళ్లిపోయాడు.

తెల్లవారగానే పంతులు గారు దొర బస చేసిన బంగళాకి పరిగెత్తారు. దొర గుడ్డు పెంకు పగలగొట్టుకుంటున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. కూర్చోమనలేదు. పంతులు గారు నిలబడే, రాత్రి చిన్న పొరపాటు జరిగిందని మనవి చేసుకున్నారు.

“పంతులూ, రాత్రి వెన్నెల కలదా, లేదా? కలదన్నచో, మేము కన్నులార చూచి అర్హునికే ఇచ్చితిమి. లేదన్నచో, వెన్నెలను బట్టి వచ్చిన ఆ బిరుదమే లేదు. ఏది నిజమో సెలవిండు.”

పంతులు గారికి బిరుదు ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉండడం, అసలు లేకపోవడం కంటె నయమనిపించింది.

“వెన్నెల ఉందండి” అన్నారు.

“అటులైన వెళ్లిరండు” అన్నాడు దొర.

ఆ వారం కౌన్సిలు సమావేశంలో సుబ్బయ్య శెట్టి గారు మొదట లేచారు. సాక్షాత్తు చైర్మన్ గారే ఈ గౌరవం దీపస్తంభానిదని చెప్పి ఉన్నారు, కలెక్టరు గారూ అలాగే ఇచ్చారు, అటువంటి రావుబహద్దూరుని చీకట్లో నిలబెట్టడం సర్కారుని అవమానించడమేనన్నారు. రోజూ పొద్దుగూకగానే దీపం వెలిగించాలని ప్రతిపాదించారు.

“వెన్నెల ఉన్న రాత్రి కూడానా?” అన్నారు పంతులు గారు నీరసంగా.

“వెలుతురు కోసం కాదండి. మర్యాద కోసం.”

కాదనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బిరుదు ఉన్నవారికి కుర్చీ కూడా వేయాలి గనుక స్తంభం పక్కన కుర్చీ వేయించాలని చేర్చారు. అప్పుడు అరుగు మీంచి అచ్చియ్యమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది.

“బాబుగోరూ, పౌర్ణమినాడు బుడ్డి ఎలిగించానని నా పెనం పట్టికెళ్లిపోయారండి. ఇప్పుడు పౌర్ణమినాడు తమరే ఎలిగిత్తారంట. మరి మునిసిపాలిటీ వోరి పెనం ఎవరు పట్టికెళ్తారండీ?”

పంతులు గారు ప్లీడరు కదా, ప్రశ్నలో బలం ఆయనకే ముందు తెలిసింది. లేచి, కుర్చీ వెనక మేకు మీంచి పెనం తీసి, కండువాతో దుమ్ము తుడిచి ఆమె చేతికిచ్చారు. ఆమె దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది.

“ఇన్నాళ్లూ నూనె రాయలేదండీ?” అంది, అంతే.

మరుసటి పౌర్ణమికి ఆకాశం కడిగినట్టుంది. నిండు చంద్రుడు వచ్చాడు, వెన్నెల పిండారబోసింది. ఆ వెన్నెల్లో బజారు మలుపులో మునిసిపల్ దీపం కూడా ధగధగా వెలుగుతోంది. దాని కింద, వేదిక తీసేసిన చోట అచ్చియ్యమ్మ పొయ్యి, పొయ్యి మీద అత్తగారి పెనం, చుట్టూ జనం. నేనూ ఉన్నాను. ఎంతో సేపటికి పంతులు గారు వచ్చారు, తలపాగా లేకుండా. ఆకు పట్టుకుని, ఓ అట్టు వేయమన్నారు.

అచ్చియ్యమ్మ పెనం మీది అట్టు తీసి, అల్లం పచ్చడి వేసి, స్తంభం మొదట్లో పెట్టింది. పంతులు గారు అటే చూస్తున్నారు.

“ముందు రావుబహద్దూరు గోరికండి. తవరికి తరవాత” అంది.

పంతులు గారు తలూపారు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. అది తనది కాదు గనుక, ఆకు పట్టుకుని నిలబడే ఉన్నారు.